చెన్నై–శ్రీలంక క్రూయిజ్‌లో చదవడానికి ఏ పుస్తకాలు? ముగ్గురం, ఐదు రాత్రులు

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. ఫిబ్రవరి రెండో వారంలో చెన్నైలో ఓడెక్కి శ్రీలంక వెళ్ళొచ్చే క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. ఐదు రాత్రులు. రెండు పగళ్ళు పూర్తిగా సముద్రం మీదే, ఇంకో రెండు రోజులు రేవుల్లో ఆగుతుంది. వెళ్ళేది అమ్మ (68 ఏళ్ళు), నేను, మా బాబు (11 ఏళ్ళు). రాజమండ్రిలో రాత్రి రైలెక్కి చెన్నై చేరతాం కాబట్టి సామాను మోత ఎక్కువ పెట్టుకోలేం.

అమ్మకి మధ్యాహ్నం భోజనం అయ్యాక ఏదో ఒకటి చదవందే కునుకు పట్టదు. అక్షరం చిన్నదైతే మాత్రం కష్టం. బాబు ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, చదివి వినిపిస్తే కదలకుండా వింటాడు. నాకు 'వేయిపడగలు' సగంలో ఉంది. ఈ సెలవుల్లో పూర్తి చేద్దామని ఆశ.

ఎన్ని పుస్తకాలు పట్టుకెళ్తే సరిపోతాయి? కాగితం పుస్తకాలు మేలా, ఫోనులో చూసుకోవడం మేలా? ఓడ ఊగుతుంటే చదివితే కడుపులో తిప్పుతుందంటున్నారు, దానికి ఏం చెయ్యాలి? సముద్ర ప్రయాణానికి నప్పే తెలుగు పుస్తకాల పేర్లు కూడా చెప్పండి.

ఏటిగట్టు

ముందు గంటలు లెక్కేసుకోండి, పుస్తకాల సంఖ్య దాన్నిబట్టి తేలుతుంది. ఓడెక్కిన రోజు మధ్యాహ్నమంతా కాగితాల తనిఖీకి, గది వెతుక్కోవడానికి, అందరూ తప్పనిసరిగా హాజరవ్వాల్సిన భద్రతా డ్రిల్లుకి పోతుంది. రాత్రి ఒక గంట దొరికితే గొప్ప. రేవులో ఆగిన రోజు తిరిగొచ్చేసరికి కాళ్ళు పీకుతుంటాయి, ఆ రోజూ అంతే. పూర్తిగా సముద్రం మీద ఉన్న రోజుల్లో, భోజనాలు, ఆటలు, పాటలు, పిల్లాడి గోల పోగా, రోజుకి మూడేసి గంటలు. మొత్తం కలిపితే తొమ్మిది పది గంటలు. డెమీ సైజు (మామూలు నవల కొలత) తెలుగు పుస్తకం తీరిగ్గా చదివేవాళ్ళకి గంటకి పాతిక పేజీలు నడుస్తుంది. అంటే మీకు దొరికేది సుమారు 250 పేజీల చదువు.

అందుకే 'వేయిపడగలు' ఇంట్లోనే ఉంచండి. మిగిలింది సగమైనా అయిదొందల పేజీల దాకా ఉంటుంది, ఓడలో దొరికే సమయానికి అది రెట్టింపు. బరువు ఒక్కటే కాదు. అందులో తరాలు, పాత్రలు, వంశాల సంబంధాలు తలలో నిలుపుకుంటూ పోవాలి. పది నిమిషాలకోసారి మైకులో ప్రకటన వచ్చే చోట ఆ దారం తెగుతూ ఉంటుంది, తెగిన ప్రతిసారీ రెండు పేజీలు వెనక్కి వెళ్ళాలి. ఓడలో చదివేది ఎక్కడ ఆపినా నష్టం లేనిదై ఉండాలి. నా దృష్టిలో మొదటి నియమం ఇదే.

మీ ప్రయాణానికి అచ్చంగా కుదిరేది 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, మద్రాసు, కొలంబో మీదుగా ఓడలో ఇంగ్లండు పోతాడు. మనదీ ఆ గోదావరి గడ్డే, మీరు వెళ్ళేదీ శ్రీలంకే. ఓడ తిండి, ఓడ మర్యాదలు, తెలియని మనుషుల మధ్య ఎలా మసలుకోవాలో తెలియని అవస్థ, ఇవన్నీ మీ చుట్టూ జరుగుతుండగానే చదువుకోవచ్చు. ఇది మూడు భాగాల నవల. ఓడ ప్రయాణం మొదటి దాంట్లోనే ఉంది. రెండోది విదేశంలో చదువు, మూడోదాంట్లో దేశానికి తిరిగొచ్చాక కథ నడుస్తుంది, దాని రంగు కూడా వేరు. మూడూ కలిపి కుట్టిన లావు పుస్తకం కాకుండా మొదటి భాగం విడిగా దొరికితే అదే తీసుకోండి.

దానికి తోడు ఒక కథల పుస్తకం. 'అమరావతి కథలు'లో నూరు కథలున్నాయి, ఒక్కోటీ మూడు నాలుగు పేజీలకి మించదు, బాపు బొమ్మలు అదనం. అది కృష్ణ ఒడ్డు. గోదావరి ఒడ్డే కావాలంటే వంశీ 'మా పసలపూడి కథలు' ఉన్నాయి. కాస్త పెద్ద కథలు, ఒక్కోటి ఒకసారి కూర్చుని చదవడానికి సరిపోతుంది. తిండి వర్ణనలు దండిగా ఉంటాయి. కడుపులో తిప్పే పూట మాత్రం వాటి జోలికి పోకండి, వేళాకోళానికి అనడం లేదు.

కొనడానికి తొందరేం లేదు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది, అన్నీ ఒక్కచోట తిరగేసి, అక్షరం సైజు చూసి ఎంచుకోవచ్చు.

కాకినాడ రేవు

కడుపులో తిప్పడం గురించి చెబుతాను, పుస్తకాల ఎంపిక సగం దాని మీదే ఆధారపడి ఉంది.

చెవి లోపల తూకం చూసే భాగం ఒళ్ళు ఊగుతోందని మెదడుకి చెబుతుంది. కళ్ళు పేజీ మీద ఉంటే ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగకపోవడం వల్లే వికారం. తల ఎత్తి దూరంగా నీరూ ఆకాశం కలిసే గీత చూస్తే కళ్ళకీ ఊపు తెలుస్తుంది, తేరుకుంటారు. చదివే పద్ధతి కూడా అలాగే ఉండాలి. రెండు పేజీలు చదవడం, తలెత్తి ఒక నిమిషం గీత చూడటం. ఆవులింతలు, నోట్లో నీళ్ళూరడం, నుదుట చల్లటి చెమట, ఈ వరసలో మొదటిది కనిపించగానే పుస్తకం మూసెయ్యాలి. 'ఈ పేజీ అయ్యాక' అనుకుంటే ఆ పూటంతా పోతుంది.

ముందే తెలుసుకోవాలంటే పాపికొండల లాంచీ గాని, దిండి హౌస్‌బోటు గాని పరీక్షకి పనికిరావు. నదిలో ఇంజను అదురు తప్ప ఊపు ఉండదు. సఖినేటిపల్లి–నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటూ అంతే. సరైన పరీక్ష బస్సు. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళేటప్పుడు పావుగంట ఆపకుండా పుస్తకం చదివి చూడండి. అందులో తిప్పినవాళ్ళకి ఓడలోనూ తిప్పే అవకాశం ఎక్కువ.

గది ఇంకా ఎంచుకోకపోతే కింది అంతస్తులో, ఓడ పొడవుకి మధ్యలో తీసుకోండి. తక్కెడ కాడకి మధ్యలో కదలిక తక్కువ ఉన్నట్టే ఓడకీ అక్కడ ఊపు తక్కువ. ముందు కొన, పైఅంతస్తు గదులు ఖరీదైనవే గాని చదువుకి మంచివి కావు. వికారానికి మాత్ర డాక్టర్ని అడిగే తీసుకెళ్ళండి. అది తిప్పడం మొదలయ్యాక కన్నా ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. చాలా మాత్రలు మగత తెస్తాయి, పెద్దవాళ్ళు తూలే ప్రమాదం ఉంది. అమ్మగారికి బీపీ, నీటికాసులు (కంట్లో గ్లాకోమా), ఇంకేదైనా మందు ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

ఇక డెక్కు మీద ఎక్కడ కూర్చోవాలి. ఫిబ్రవరిలో బంగాళాఖాతంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. దక్షిణానికి పోతున్నప్పుడు పొద్దున్న ఎండా ఎడమవైపే, గాలీ ఎడమవైపే, కాబట్టి కుడివైపు కుర్చీ వెయ్యండి. తిరిగొచ్చేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి, పొద్దున్న ఎడమవైపు. ఓడ వేగానికి ఎదురుగాలి ఎలాగూ ఉంటుంది, అందుకని అద్దపు తెర వెనకో గోడ చాటునో చూసుకోవాలి. పేజీలు ఎగరకుండా రెండు వెడల్పాటి రబ్బరు బ్యాండ్లు, చదివిన వైపు ఒకటి, చదవాల్సిన వైపు ఒకటి. విడి కాగితం గుర్తు పెడితే మొదటి గాలికే సముద్రంలో కలుస్తుంది, దారం కట్టిన గుర్తు వాడండి.

ఉప్పు తుంపర కళ్ళజోడు మీద పొరలా పడుతుంది. కొంగుతో తుడిస్తే ఉప్పు రవ్వలు అద్దం గీస్తాయి. ముందు మంచినీళ్ళతో కడిగి, తర్వాత తుడవాలి. అమ్మగారికి ఈ మాట గట్టిగా చెప్పండి, ఓడలో అద్దాలు గీసుకుపోతే మిగతా రోజులు చదువే ఉండదు. పాత కళ్ళజోడు ఒకటి అదనంగా పెట్టుకోండి.

లేసు అల్లిక (నరసాపురం)

అమ్మగారి సంగతి, బాబు సంగతి నేను చెబుతానండి.

అమ్మగారికి 'పాత కెరటాలు' చూడండి. మాలతీ చందూర్ గారు ఇంగ్లీషు నవలల్ని తెలుగులో క్లుప్తంగా పరిచయం చేస్తూ స్వాతి మాసపత్రికలో రాసినవి, పుస్తకాలుగా వచ్చాయి. మధ్యాహ్నం కునుకు పట్టేలోగా ఒక నవల కథంతా తెలిసిపోతుంది. రేపు మళ్ళీ కొత్తది. పాత్రల పేర్లు గుర్తుంచుకునే బాధ లేదు. లేదంటే శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి కథలు. అందులో ఆడవాళ్ళ మాట తీరు మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మాట్లాడుకున్నట్టే ఉంటుంది, ఆ వయసువాళ్ళకి చెవికి ఇంపుగా ఉంటాయి. కథలు మాత్రం చిన్నవి కావు. 'వడ్లగింజలు' చదరంగం చుట్టూ తిరిగే పెద్దకథ, దాన్ని సముద్రం మీద ఉండే పగటికి అట్టేపెట్టండి.

పుస్తకం కొనేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి, అమ్మగారి చేతికిచ్చి, మోచెయ్యి మడిచినంత దూరంలో పట్టుకుని చదవమనండి. గుడిదీర్ఘం, ఒత్తులు తడుముకోకుండా చదవగలిగితే సరే. తెలుగులో అక్షరం పెద్దదైనా వరసల మధ్య ఖాళీ లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని తాకుతూ ఉంటాయి, కళ్ళు లాగేది అందుకే. ఖాళీ ఎక్కువున్న ముద్రణ ఎంచుకోండి. ఓడ గదిలో దీపాలు పసుపురంగువి, మసకవి ఉండొచ్చు. పుస్తకానికి తగిలించే చిన్న ఛార్జింగ్ లైటు ఒకటి పెట్టుకుంటే పక్కవాళ్ళ నిద్ర చెడదు. ఆమెకి రోజూ పారాయణం అలవాటుంటే ఆ చిన్న పుస్తకం పెట్టెలో కాకుండా చేతిసంచీలో ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని గది దగ్గరికి తర్వాత ఎప్పుడో చేరుస్తారు. దిగే ముందు రాత్రి కూడా పెట్టెలు గది బయట పెట్టమంటారు, అప్పుడూ అంతే.

బాబుకి చేతికిచ్చి చదువుకోమంటే రెండో రోజుకి పక్కన పడేస్తాడు. మీరు చదివి వినిపించేదే తీసుకెళ్ళండి. నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం' ఉంది, ఇంగ్లీషు 'ట్రెజర్ ఐలాండ్'కి తెలుగు. ఓడ, దొంగలు, పటం, దీవి. ఆ వయసుకి అంతకన్నా ఏం కావాలి? రాత్రి భోజనమయ్యాక ఒక అధ్యాయం చొప్పున. చదువుతూ చదువుతూ సంభాషణ వచ్చినచోట ఒక మనిషి మాటలు వాడిచేత చదివించండి. ఒక్కో వాక్యమే కాబట్టి బెదరడు. 'బుడుగు' చాలామంది చెబుతారు. చాలా మంచి పుస్తకమే గాని అందులో మాటలు చిన్నపిల్లాడు పలికినట్టు కావాలనే విరిచి రాశారు. తెలుగు కూడబలుక్కునేవాడు ఏది సరైన మాటో, ఏది ముద్దుమాటో పోల్చుకోలేడు. వినిపిస్తే నవ్వుతాడు, చదవమంటే చిక్కుపడతాడు.

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

చాలా ఉపయోగపడే మాటలు చెప్పారండీ అందరూ. 'వేయిపడగలు' మానేస్తాను. అయితే పొడుగు పుస్తకం అసలు వద్దంటారా? సముద్రం మీద ఉండే రోజు ఒకదాంట్లో మునిగిపోవాలనిపిస్తుంది కదా. ఫోనులో పాత పుస్తకాల పీడీఎఫ్‌లు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కూడా చెప్పగలరా?

లంకమేత

ఏటిగట్టు గారి నియమం అందరికీ వర్తించదు. మునిగిపోవాలనుకునేవాళ్ళకి ముక్కలు ముక్కలుగా చదవడం తృప్తినివ్వదు. పొడుగుదే కావాలంటే కథ అల్లిక మీద కాకుండా రోజువారీ నడక మీద ఆధారపడినది ఎంచుకోండి. 'కాశీయాత్ర చరిత్ర' అలాంటిది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. మీరు ఓడెక్కేదీ ఆ ఊళ్ళోనే. మజిలీ మజిలీకీ ఊరు, నీటి వసతి, దొరికే సరుకులు రాసుకుంటూ పోతారు కాబట్టి ఎక్కడ మూసినా, ఎక్కడ తెరిచినా ఇబ్బంది లేదు. భాష పాతది, వాక్యాలు పొడుగు. మొదటి పాతిక పేజీలు ఓపిక పట్టాలి. మొదటి నుంచీ కాకుండా తిరుగు ప్రయాణంలో మన జిల్లాల మీదుగా వచ్చిన భాగంతో మొదలుపెడితే తెలిసిన ఊళ్ళ పేర్లు చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. అది తెలుగు వికీసోర్సులో ఉచితంగా చదువుకోవచ్చు. శ్రీపాద వారు 1961లో పోయారు కాబట్టి అరవయ్యేళ్ళ కాపీహక్కు గడువు 2021తో తీరింది, ఆయన రచనల పాత ముద్రణలు దించుకోవడానికి అడ్డేమీ లేదు. 'బారిస్టర్ పార్వతీశం' అలా కాదు, రచయిత పోయింది 1973లో. అది కొనుక్కోవాల్సిందే.

పీడీఎఫ్ గురించి. పాత పుస్తకాలు స్కాన్ చేసినవైతే అవి పేజీల ఫొటోలు, అక్షరం పెంచితే పేజీ మొత్తం పెరుగుతుంది. ఫోనులో వరస చివరిదాకా పక్కకి జరుపుతూ, మళ్ళీ మొదటికి లాగుతూ చదవాలి. ఊగే చోట అలా తెర జరపడం కళ్ళకి ఇంకో కదలిక, వికారం త్వరగా తెస్తుంది. ఫోను అడ్డంగా తిప్పి, అంచుల్లో తెల్లఖాళీ కత్తిరించి చూపే యాప్‌లో తెరిస్తే కొంత నయం. పది అంగుళాల ట్యాబ్ అయితే పేజీ పేజీగా చదవచ్చు. అక్షరాలు టైపు చేసి ఉన్న ఈపబ్ ఫైళ్ళు వేరు, వాటిలో అక్షరం పెంచితే వరసలు వాటంతటవే సర్దుకుంటాయి. వికీసోర్సు నుంచి దించుకునేటప్పుడు ఈపబ్ అనే తీసుకోండి. ఇంట్లో ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ప్రతి పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి చూడండి, తెరుచుకుంటేనే నిజంగా దిగినట్టు. సముద్రం మీద ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా వస్తుంది, విడిగా డబ్బు కట్టాలి. ఓడ సొంత సిగ్నల్‌కి మీ ఫోను తగులుకుంటే రోమింగు బిల్లు బాగా పేలుతుంది. ఓడ రేవు దాటకముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టెయ్యండి. మామూలు ఫోను తెర ఎండలో కనబడదు, డెక్కు మీదికి కాగితమే మేలు.

ఇంకొక్కటి, బాబుకీ మీకూ కలిపి. నండూరి వారిదే 'విశ్వరూపం' అని ఖగోళం మీద పుస్తకం. అందులో నక్షత్రాల అధ్యాయాలు చదివి రాత్రి తొమ్మిదింటికి డెక్కు మీదికి వెళ్ళండి. ఫిబ్రవరిలో ఆ వేళకి దక్షిణాన అగస్త్య నక్షత్రం మెరుస్తూ ఉంటుంది. అమలాపురం అక్షాంశం పదహారున్నర డిగ్రీలు, శ్రీలంక దక్షిణ కొన ఆరు డిగ్రీలు. అంత కిందికి వెళితే అగస్త్యుడు మన ఊళ్ళో కన్నా పది డిగ్రీలు పైన కనబడతాడు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. బాబుని మీ ఇంటి డాబా మీద ఇప్పుడే కొలిచి కాగితం మీద రాసుకోమనండి: రాత్రి ఏ వేళకి అగస్త్యుడు అన్నిటికన్నా పైకి వచ్చాడు, నేల నుంచి ఎన్ని పిడికిళ్ళు. ఓడలో మళ్ళీ కొలిస్తే ఒక పిడికిలి తేడా వస్తుంది. భూమి గుండ్రమని పాఠంలో చదవడం వేరు, ఇది వేరు. దీపాలు లేని మూల వెతుక్కోవాలి, పుస్తకం చూడ్డానికి టార్చికి ఎర్ర జిలుగు కాగితం కట్టుకుంటే కళ్ళు చెదరవు.

ఏటిగట్టు

లంకమేత గారి 'కాశీయాత్ర' మాట ఒప్పుకుంటున్నాను, రోజుల వారీగా రాసిన పుస్తకం పొడుగైనా ఆగి ఆగి చదవచ్చు. ముళ్ళపూడి వారి 'కోతి కొమ్మచ్చి' కూడా ఆ కోవలోదే. ధవళేశ్వరంలో పుట్టిన మనిషి ఆత్మకథ, ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి గెంతుతూ సాగుతుంది. మూడు సంపుటాలున్నాయి, మొదటిది చాలు.

గ్రంథాలయం పుస్తకాలు మాత్రం పట్టుకెళ్ళకండి. గౌతమీ గ్రంథాలయం లాంటి చోట ఉండే పాత ప్రతి తడిస్తే మళ్ళీ దొరకదు.

కాగితం పుస్తకాలకి జిప్ కవర్లు, ఒక్కోదానికి ఒకటి. జిగురు అతుకుల పుస్తకాన్ని ఎండలో కుర్చీ మీద వదిలేస్తే జిగురు మెత్తబడి పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగుది దొరికితే ఆ బెంగ లేదు.

కొబ్బరిమట్ట (అంబాజీపేట)

సరేనండి. జాబితా ఇలా అనుకుంటున్నాను: 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం నాకు, 'పాత కెరటాలు' ఒకటి అమ్మకి, 'కాంచనద్వీపం' ముగ్గురికీ, 'విశ్వరూపం'లో కావాల్సిన అధ్యాయాలు. 'కాశీయాత్ర', శ్రీపాద కథలు ట్యాబ్‌లో. ఆఖరి ప్రశ్న, పుస్తకం సముద్రపు నీళ్ళలో తడిస్తే ఏం చెయ్యాలి?

కాకినాడ రేవు

అంచులు మాత్రమే తడిస్తే మెత్తటి కాగితంతో అద్ది, నిలబెట్టి విసనకర్రలా కొంచెం తెరిచి గదిలో ఏసీ గాలి తగిలేచోట పెట్టండి. రుద్దకూడదు, సిరా కాగితానికి అంటుకుంటుంది. ఎండలో పెడితే అట్ట వంకరపోతుంది, జుట్టు ఆరబెట్టే యంత్రం వేడికీ అంతే. లోపలిదాకా నానితే ఇరవై పేజీలకోసారి టిష్యూ కాగితం దూర్చి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. ముక్కాలు మువ్వీసం ఆరాక బల్లపరుపుగా ఉంచి పైన బరువు పెట్టండి.

ఉప్పునీటి చిక్కు ఏమిటంటే ఆరినట్టు కనిపించినా కాగితంలో మిగిలిన ఉప్పు గాలిలో తేమని మళ్ళీ లాగుతుంది. మన కోనసీమ తేమకి అలాంటి పుస్తకం అలమరలో పెడితే పక్క పుస్తకాలకి కూడా బూజు పడుతుంది. ఇంటికొచ్చాక ఫ్యాను కింద రెండు మూడు రోజులు విడిగా ఆరనిచ్చి, పేజీలు చేత్తో తాకితే చల్లగా అనిపించడం మానేశాకే లోపల పెట్టండి. కలరా ఉండలు పురుగుకి పనిచేస్తాయి గాని తేమకి పనిచెయ్యవు.